వెనక్కి చదివిన అడుగులు

పోయిన వారం మిమ్మల్ని తెల్లబూరుగు చెట్టు కింద వానలో నిలబెట్టి వెళ్ళాను. నేనూ మా తెయోఫిలా అక్కా ఇంకా అక్కడే తడుస్తున్నాం. కదిలే ముందు చేతిలో ఏముందో, ఏది లేదో ఒకసారి చూసుకుందాం. కొట్టు తలుపు తీసే ముందు నేను రోజూ చేసే పనే అది.

ఉన్నది ఒక బాట. సముద్రం ఒడ్డున పుంటా సెరాఫిన్ నుంచి కొండ మీద మా లోమా గ్రిస్ దాకా అడవిలోంచి పోతుంది. మోతగాళ్ళ బాట అంటాం. పెద్ద దూరం కాదు, పొద్దున కోకో తాగి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. ఉన్నది మా అమ్మ ఫుల్హెన్సియా, మంచం మీద. లేనిది మా చెల్లెలు డెల్ఫీనా. ఆరేళ్ళ పిల్లప్పుడు ఈ బాట మీదే కనబడకుండా పోయింది. నలభై ఏళ్ళు దాటింది.

సమాధుల పండగ నాడు ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని శ్మశానానికి పోతుంటే, డెల్ఫీనా పేరున ఒక్కటి కూడా వెలిగించనిచ్చేది కాదు మా అమ్మ. చచ్చిపోయిందని ఒప్పుకుంటే కదా వెలిగించడం. ఈ ఏడు ఆవిడే నోరు విప్పింది. "పిల్లకి దీపం పెట్టాలి సెల్మా. ఊరికే శ్మశానంలో శిలువ దగ్గర కాదు. దాని ఒళ్ళు ఎక్కడుందో అక్కడ పెట్టాలి. తెయోఫిలాకి తెలిసే ఉంటుంది. పోయి తీసుకురా."

ఆ పేరు అమ్మ నోట రావడమే వింత. తెయోఫిలా మా పెద్దమ్మ కూతురు. ఆ రోజు చెల్లెల్ని అడవిలోకి తీసుకెళ్ళింది ఆమే. అడవిలో దాన్ని పేరు పెట్టి పిలిచిందని, ఆ పేరు విని దువెన్లు ఎత్తుకుపోయాయని ఊరు తేల్చేసింది. బాప్తిస్మం కాకుండా పోయిన పిల్లలు దువెన్లవుతారని మావాళ్ళ నమ్మకం. వాటికి మొహం ఉండదు. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఒకసారి మన పేరు చెవిన పడితే ఆ పేరుతోనే పిలిచి లోపలికి తీసుకుపోతాయి. అందుకే మా అడవిలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. ఓయ్ అంటాం, చప్పట్లు కొడతాం, అంతే.

పన్నెండేళ్ళకే ఊరు వెలివేస్తే సముద్రం పక్కకి పోయి, చేపలు పొగబెట్టి బతుకుతున్న ఆ తెయోఫిలాని నేను ఈ రోజు వెనక్కి తీసుకొస్తున్నాను. చీకటి పడేలోపు కొవ్వొత్తి వెలగాలి. ఇదిగో, చెట్టు కింద తలగుడ్డ పిండుకుంటూ ఆమె అన్న మాట దగ్గర ఆగాం.

"మీ చెల్లెల్ని నేను పేరు పెట్టి పిలవలేదే."

నేను వ్యాపారిని. కోకో గింజ పైకి ఎంత ఎర్రగా మెరిసినా కొనను, కత్తితో కోసి లోపలి రంగు చూస్తాను. మనుషుల మాటని కూడా అలాగే చూడటం అలవాటైపోయింది.

"పిలవలేదంటే ఎలా? నువ్వు పిలుస్తుంటే విన్నవాళ్ళున్నారు," అన్నాను.

"ఎవరు?"

"దాని జ్ఞానతండ్రి."

సిరీలో అన్న పేరు అక్కడ అనకూడదు కాబట్టి అలా అన్నాను. సిరీలో మా ఊళ్ళో పేరున్న వేటగాడు. డెల్ఫీనాని బాప్తిస్మం నాడు చేతుల్లోకి తీసుకున్నది ఆయనే. ఆ రోజు పిల్లని వెతకడానికి ఊరిని నడిపించింది కూడా ఆయనే.

తెయోఫిలా నవ్వింది. పొగబట్టిన గొంతు, దగ్గుకీ నవ్వుకీ తేడా తెలియదు. "ఆయన ఒక్కడేగా విన్నది. ఒక్కడు బాగుందన్నాడని నువ్వు బస్తా విప్పకుండా కోకో కొంటావా?"

"కొనను."

"మరి నన్నెలా పారేశారు, విప్పకుండానే?"

తడిసిన సంచి భుజం మార్చుకున్నాను. వాన కొంచెం నెమ్మదించింది.

"ఏరు దగ్గర చెప్తాను, నడు," అంది. "ఈ చెట్టు కింద వద్దు. ఇది వింటుంది."

"అడవి నిన్ను ఇంత చేసినా దానికి భయమేనా నీకు?"

"అడవి నన్నేం చేసింది? చేసింది మీరు."

ఇద్దరం చెట్టు మానుని అరచేత్తో తాకి, వెళ్ళొస్తాం పెద్దాయనా అని చెప్పి బాట మీదికి వచ్చాం. ఆ చెట్టుకి చెప్పకుండా మావాళ్ళెవరూ కదలరు.

బాట అప్పటికే కాలవలా పారుతోంది. తెయోఫిలా ముందు, నేను వెనక. ఇన్నేళ్ళలో ఆమె ఈ దారిన పైకి రాలేదు. అయినా ఏ రాయి జారుతుందో ఆ కాళ్ళకి గుర్తుంది. నేను నెలకోసారి నడిచేదాన్ని, రెండుసార్లు పడ్డాను.

"నీ కొట్టులో సరుకంతా నువ్వే తింటున్నావా ఏంటి? లేవలేకపోతున్నావు," అంది చెయ్యి అందిస్తూ.

"నీ చేపలే తింటున్నాను. వాటిలో ఉప్పు తప్ప చేపేదీ?"

"ఈ వాననీ సీసాల్లో పట్టి అమ్మేస్తావు నువ్వు."

"కొనేవాళ్ళుంటే ఎందుకమ్మను?"

ఆ కాసేపు మేం చిన్నప్పటి అక్కచెల్లెళ్ళలాగే ఉన్నాం. తర్వాత పాత ఎస్టేట్ గోడ వచ్చింది. నడుము ఎత్తు రాతి గోడ, నాచు పట్టి, వేళ్ళు పొడుచుకొచ్చి. కోకో రాకముందు కాలంలో బానిసల చేత కట్టించిన గోడ అది. ఇక్కడికొచ్చేసరికి ఎవరికైనా మాట తగ్గిపోతుంది. తెయోఫిలా మాత్రం గోడ మీద చెయ్యి ఆనించి, ఊపిరి తీసుకుంటూ మాట్లాడింది.

"మా అమ్మ ఒక మాట చెప్పేది. పేర్లు పిలవకపోవడం దువెన్ల వల్ల వచ్చింది కాదట. ఇక్కడి నుంచి పారిపోయినవాళ్ళు ఈ అడవిలోనే దాక్కునేవాళ్ళు. పేరు పిలిస్తే, వేటాడేవాళ్ళకి లోపల ఎవరున్నారో తెలిసిపోయేది. అందుకని మానేశారు. ఇంకోటి కూడా చెప్పేది. బురదలో వెనక్కి నడిచేవాళ్ళట. కుక్కలు పట్టుకుని వచ్చినవాళ్ళు అడుగులు చూసి అవతలి వైపు పోవాలని."

"అంటే దువెన్లు మన ముత్తాతలేనా?"

"మన ముత్తాతలకి మొహాలుండేవిలే. పని చెప్పినప్పుడు మాత్రం కనబడేవి కావు, నీ మొగుడిలాగా."

నవ్వొచ్చింది, కానీ ఆ గోడ పక్కన నవ్వు బయటికి రాలేదు. ఎక్కడో పైన సమ్మెట దెబ్బలా అరిచే పిట్ట ఒకటి అరుస్తోంది. దాని అరుపు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఏరు దగ్గర బాట రెండుగా చీలుతుంది. ఎడమ దారి మా ఊరికి. కుడి దారి పాడుబడిన ఎస్టేట్ ఇంటి వైపు ఎక్కుతుంది, ఆ వైపు ఎవరూ పోరు. దువెన్లు అటు నుంచే దిగి వచ్చాయని ఆ ఏడు తీర్మానించాక ఊరు ఆ దారిని వదిలేసింది. ఇప్పుడది దారిలా లేదు, ఆకుల మధ్య ఒక సందు.

తెయోఫిలా ఒక బండ మీద కూర్చుంది. "ఇక్కడే," అంది.

నేను నిలబడే ఉన్నాను.

"కోకో కోసేవాళ్ళకి మధ్యాహ్నం తిండి పట్టుకెళ్తున్నాం. నీకు జ్వరం, నువ్వు రాలేదు. పిల్లకి కొత్త బూట్లు, మడమలు కొరికేశాయి. ఇక్కడ విప్పేసి నా చేతికిచ్చింది. నేను సొరకాయ బుర్రలో నీళ్ళు పట్టడానికి అటు వంగాను. అప్పుడు పిలుపు వినబడింది."

"ఏ పిలుపు?"

"దాని పేరు. పైనుంచి." కుడి దారి వైపు గడ్డంతో చూపించింది. "మెల్లగా, ముద్దుగా, ఇంట్లో పిల్లని అన్నానికి పిలిచినట్టు. నేను బుర్ర వదిలేసి చెవులు మూసుకున్నాను. కళ్ళు కూడా. అదే కదా మనకి నేర్పింది, అడవిలో పేరు వినబడితే చెవులు మూసుకో, జవాబివ్వకు అని. నేను నేర్చుకున్నాను. అది ఆరేళ్ళది, ఇంకా నేర్చుకోలేదు. కళ్ళు తెరిచేసరికి లేదు."

"నువ్వు అరవలేదా? దాని వెనక పోలేదా?"

"ఎలా అరుస్తాను? పేరు పెట్టి పిలిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటాయనుకున్నాను. చప్పట్లు కొట్టాను, చేతులు మంటపుట్టేదాకా. రాలేదు. ఊరికి పరిగెత్తాను." బండ మీద చేతులు రాసుకుంది. "పిలిచానని నన్ను వెళ్ళగొట్టారు మీరు. నాకు నిద్ర పట్టకపోవడం పిలవనందుకు. ఒక్కసారి గట్టిగా పిలిచుంటే నా గొంతు విని వెనక్కి వచ్చేదేమో. ఇన్నేళ్ళూ చేపల పొగగూటి ముందు కూర్చుని అదే అనుకుంటాను."

అయినా అడగాల్సింది అడిగాను. "మరి ఆ సంగతి ఆ రోజే ఎందుకు చెప్పలేదు? పైనుంచి పిలుపు వచ్చిందని?"

"చెప్పనిచ్చారా? అడుగుల దగ్గరే అయిపోయింది కదా అంతా."

"ఏ అడుగులు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నీకు తెలియదా? మీ నాన్న ఎప్పుడూ చెప్పలేదా?"

"ఏటి వైపు వెతికారని తెలుసు. మూడు రోజులూ నాన్న ఏట్లో తడిసి ఇంటికొచ్చేవాడు."

"ఏటి వైపే వెతికారు. ఎందుకు వెతికారు?" లేచి, కుడి దారి మొదట్లో బురద దగ్గరికి వెళ్ళి వంగింది. "ఇక్కడ పడ్డాయి అడుగులు. చిన్న పాదాలు, బూట్లు లేవు. వేళ్ళు పైకి, పాడింటి వైపు. ఊరంతా చుట్టూ నిలబడ్డారు. జ్ఞానతండ్రి మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. చూసి, ఇవి పిల్లవి కావు, పిల్లని ఎత్తుకుపోతున్న దువెన్ అడుగులు అన్నాడు. దువెన్ పాదం వెనక్కి ఉంటుంది కదా, వేళ్ళు పైకి చూపిస్తున్నాయంటే అది కిందికి పోయినట్టు అన్నాడు. అందరూ అవును అన్నారు. అందరూ కిందికి, ఏటి వెంట పరిగెత్తారు."

నేను ఆ బురద వైపు చూశాను. ఇప్పుడు అందులో మా ఇద్దరి అడుగులు తప్ప ఏమీ లేవు.

"నేను దాని బూట్లు ఎత్తి చూపించాను," అంది తెయోఫిలా. "పిల్ల వట్టి కాళ్ళతో ఉంది, అవి దాని కాళ్ళే, పైకే పోయింది అన్నాను. మీ నాన్న నా చెంప మీద కొట్టాడు. నా చెల్లెలి కూతుర్ని మింగింది చాలక అబద్ధాలా అని మా అమ్మ కూడా కొట్టింది. తర్వాత జ్ఞానతండ్రి, పాపం, నన్ను వెనకేసుకొచ్చాడు. పిల్లని కొట్టకండి, భయపడి పేరు పెట్టి పిలిచింది, నేను విన్నాను, అది కూడా పిల్లేగా అన్నాడు. అంత దయగా చెప్పాడు. ఇంక నా మాట ఎవరు వింటారు?"

నేను చాలామంది తూకాలు చూశాను. చెయ్యి వణికి ముల్లు అటూ ఇటూ పడేవాళ్ళని తప్పు పట్టను. ఆ రోజు సిరీలో చెప్పినవి రెండు మాటలు. అడుగులు కిందికి పోయాయన్నది ఒకటి, పేరు పిలిచింది తెయోఫిలా అన్నది ఇంకొకటి. ఆ రెండూ జనాన్ని ఒకే చోటికి, పైన పాడింటికి, పోనివ్వకుండా ఆపాయి. ముల్లు రెండుసార్లూ ఒకే వైపు పడింది.

"పైకి పోదాం," అన్నాను.

"చీకటి పడుతుంది. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"అమ్మ చోటు అడిగింది. చోటు లేకుండా పోతే ఏం చెప్పను?"

తెయోఫిలా కదల్లేదు. ఆ దారి మొదట్లో, పన్నెండేళ్ళ పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయింది. నేను ముందు నడిచాను. కొంతసేపటికి వెనక ఆమె అడుగులు వినబడ్డాయి.

ఎక్కే కొద్దీ మంచు దిగుతోంది. మధ్యాహ్నమే అయినా ఆకుల కింద సాయంత్రంలా ఉంది. నాకు ఒకటి తట్టింది, మొదట పట్టించుకోలేదు. ఎవరూ నడవని దారిలో తీగలు మొహానికి తగలాలి. అంతగా తగలడం లేదు. పక్కకి చూస్తే కొమ్మల కొసలు కత్తితో నరికినట్టున్నాయి. పాత కోతలు నల్లబడ్డాయి, వాటి పక్కనే కొన్ని ఇంకా పూర్తిగా నల్లబడలేదు. అక్కకి చూపించాను. ఆమె ఒక కోతని వేలితో తడిమి చూసింది.

పాడింటికి కప్పు లేదు, గోడలు రెండే మిగిలాయి. వెనక పెరట్లో ఎస్టేట్ వాళ్ళు రొట్టెలు కాల్చుకున్న పెద్ద రాతి పొయ్యి, గూడు సగం కూలి ఉంది. దాని పక్కన గడ్డి లేదు. ఎవరో పీకి శుభ్రం చేశారు. ఆ శుభ్రమైన జాగాలో రాళ్ళు పేర్చి ఉన్నాయి, పొందిగ్గా, సందుల్లేకుండా. ఆ రాళ్ళ వరస పొడవు పెద్దవాళ్ళ సమాధిది కాదు.

చుట్టూ అంచు కట్టినట్టు శంఖాలు. సముద్రపు శంఖాలు, ఇంత కొండ మీద.

తెయోఫిలా ఒక శంఖాన్ని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇవి మా ఒడ్డువే," అంది. "ఈ గులాబీ పెదవి ఉన్నవి మా దగ్గర తప్ప దొరకవు. ఏటా ఎవరో వచ్చి ఒక్క శంఖమే ఏరుకుపోతాడని పిల్లలు చెప్పేవాళ్ళు. ముసలాడెవరో పిచ్చోడనుకున్నాను."

నేను తలవైపు కూర్చున్నాను. అక్కడ ఒక పలక రాయి, దాని మీద మైనం. ఒక ఏటిది కాదు. ఏళ్ళ తరబడి కరిగి కరిగి పొర మీద పొర కట్టి, గుప్పెడు ఎత్తున గట్టిపడిన మైనం. తెల్లది కాదు, పసుపుపచ్చ తేనెమైనం. పై పొరలో ఒక కొవ్వొత్తి మొదలు ఇంకా మిగిలి ఉంది. గోటితో పెకలించి తిప్పి చూశాను.

అడుగున అడ్డంగా, నిలువుగా రెండు కోతలున్నాయి.

నా కొట్టుకి వచ్చే కొవ్వొత్తులన్నీ తెల్లవి. పసుపువి మాత్రం ముసలి వేటగాడు ఒక్కడు అడిగితే ఏటా ప్రత్యేకంగా తెప్పిస్తాను. ఇంట్లో సాన్ ఆంటోనియో పటం ముందు పెట్టుకుంటానంటాడు. పోయినవాటిని వెతికిచ్చే పుణ్యాత్ముడు కదా అని నేనూ ఎప్పుడూ ఎక్కువ అడగలేదు. చేతులు వణుకుతాయమ్మా, నిలబడదు, అడుగు కాస్త చెక్కివ్వు అంటాడు. నేను కోకో గింజలు కోసే కత్తితో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి చెక్కి ఇస్తాను. నా కత్తి మొన విరిగి ఉంటుంది, కోత చివర చిన్న చీలిక పడుతుంది. అది నా చేతిలోని మైనం ముక్క మీద అలాగే ఉంది. మొన్న సోమవారం కూడా చెక్కిచ్చాను. మీ అమ్మకి ఎలా ఉందమ్మా అని అడిగి, తల మీద చెయ్యి పెట్టి వెళ్ళాడు.

"ఎవరిది?" అంది తెయోఫిలా నా భుజం మీదుగా వంగి. "నీకు తెలుసు. నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఎవరే?"

పేరు నాలుక చివరికి వచ్చింది. ఈ అడవిలో అనకూడని అలవాటు దాన్ని ఆపింది.

అప్పుడే పైన అరుస్తున్న పిట్ట ఆగిపోయింది. కింద, మేం వచ్చిన దారిలోనే, కత్తి తడి కొమ్మల్ని నరుకుతున్న చప్పుడు. తొందర లేదు. రెండు దెబ్బలు, ఆగి ఊపిరి, మళ్ళీ రెండు. ప్రతి ఏడూ ఇదే రోజున, ఇదే వేళకి దారి చేసుకుంటూ వచ్చే మనిషి చేతిపని అది. ఇవాళ సమాధుల పండగ కదా.

నేను సంచిలోంచి అమ్మ కొవ్వొత్తి తీసి పట్టుకున్నాను. వెలిగించడానికి తీశానో, చేతిలో ఏదో ఒకటి ఉండాలని తీశానో చెప్పలేను.

నరకడం ఆగింది. మంచులోంచి ఒక మగ గొంతు పిలిచింది. మెల్లగా, ముద్దుగా, ఇంట్లో పిల్లని అన్నానికి పిలిచినట్టు.

"డెల్ఫీనా... వచ్చానమ్మా."

పుట్టి బుద్ధెరిగాక ఆ అడవిలో నేను విన్న మొదటి పేరు అదే. పక్కకి తిరిగి చూశాను. తెయోఫిలా రెండు చెవులూ మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, శంఖాల పక్కన గొంతుక్కూర్చుంది. తల నెరిసిన మనిషి, ఆ రోజు పన్నెండేళ్ళ పిల్లలాగే. కాసేపటికి ఒక చెయ్యి మెల్లగా చెవి మీది నుంచి తీసింది.

"ఇదే," అంది. "ఆ రోజు పైనుంచి పిలిచింది ఈ గొంతే."

రాళ్ళ మీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. నేను లేచి, అక్కకీ ఆ దారికీ మధ్య నిలబడ్డాను.